రోడ్డు దాటిన మూడు టైర్లు

కొత్త టైరు మీద సన్నని రబ్బరు వెంట్రుకలుంటాయి. అచ్చులోంచి తీసినప్పుడు మిగిలిపోయేవి. ఈ పొద్దున లారీ దించుతుంటే ఒక టైరుని గోడకి ఆనించబోయాను, అవి అరచేతిలో గుచ్చుకున్నాయి. నొప్పేమీ కాదు, చక్కిలిగింతకి కొంచెం ఎక్కువ. చెయ్యి దానంతటదే ఒక వెంట్రుకని తుంపేసింది. తుంపానో లేదో, "పద్మా! అవి పీకితే కొనేవాడు పాత సరుకంటాడు. కావాలంటే నీ జడలోవి పీక్కో" అన్న కేక వినబడుతుందని వెనక్కి తిరిగి చూశాను. లారీ కుర్రాళ్ళు తప్ప ఎవరూ లేరు. కామేశ్వరి గారు పోయి మూడేళ్ళయింది. ఆవిడ కేక మాత్రం నన్నింకా వదల్లేదు, వదలనివ్వను కూడా.

రాజమండ్రిలో నాకొక టైర్ల కొట్టుంది. చిన్నదే, కానీ నాది. లోపలికొచ్చిన వాళ్ళు నన్ను చూసి, నా వెనక చూసి, "ఓనరు గారు లేరాండీ?" అంటారు. "మీతో మాట్లాడుతున్నది ఆవిడేనండీ, చెప్పండి" అంటాను. ఒకప్పుడైతే ఆ ప్రశ్నకి బిక్కచచ్చిపోయేదాన్ని. టైర్ల వాసన పీల్చుకుంటూ, మగాళ్ళ మధ్య నిలబడి, గొంతెత్తి ఇది మీకు పనికొస్తుంది, ఇది పనికిరాదు అని చెప్పే ధైర్యం నేను పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. కామేశ్వరి గారి కొట్లో నేర్చుకున్నది. ఆవిణ్ణి చూడనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చూసినవాళ్ళకి ఎలాగూ చెప్పక్కర్లేదు, ఆ గొంతు వాళ్ళ చెవుల్లో ఇప్పటికీ ఉండే ఉంటుంది.

మాది కడియం. ఇంటర్ అయ్యాక నర్సరీలో మొక్కలకి నీళ్ళు పట్టడం ఇష్టంలేక, తెలిసినవాళ్ళు చెబితే బిల్లులు రాయడానికి ఆవిడ కొట్లో చేరాను. తరతరాల వ్యాపార కుటుంబం వాళ్ళది. భర్త శేషగిరి గారు పొద్దున్నే దేవుడి పటానికి దండ వేసి, గల్లాపెట్టె దగ్గర కూర్చుని, సాయంత్రం దాకా పేపరు చదివేవారు. పేపరులో ఏమీ మిగలకపోతే నిన్నటి పేపరు తీసేవారు. కొట్టు నడిపేది ఆవిడ. పొట్టి మనిషి, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. ఆడవాళ్ళందరూ కొంగున తాళాలు ముడేసుకుంటే ఆవిడ సుద్దముక్క ముడేసుకునేది. నలుగురూ నవ్వుకునేవారు. ఆవిడకి ఆ నవ్వు అక్కర్లేని సంగతి.

చేరిన రోజే చూశాను ఆవిడ తీరు. భీమవరం నుంచి చేపల చెరువుల ఆసామి ఒకాయన పాత జీపు వేసుకుని వచ్చి, లోతైన గుబ్బలున్న టైర్లు కావాలన్నాడు. సైజు అడగలేదావిడ. "ఎక్కడ తిప్పుతారండీ?" అంది. "చెరువు గట్ల మీదేనండీ, వానొస్తే మోకాలి లోతు బురద." "అయితే ఇవే తీసుకోండి, బురదని కరుచుకుంటాయి" అని ఇప్పించింది. ఆయన వెళ్ళిన కాసేపటికి ఏటి ఇసుకలో జీపు తోలే ఇంకొకాయన వచ్చి, అవే టైర్లు చూసి మనసు పారేసుకున్నాడు. "చూడ్డానికి దిట్టంగా ఉన్నాయండీ, ఇవే ఇచ్చేయండి" అన్నాడు. "ఇవి ఇసుకని తవ్వుకుంటూ దిగిపోతాయండీ. బావి తవ్వించుకునే ఉద్దేశం ఉంటే తీసుకెళ్ళండి" అంది. ఆయన మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. చేతికొచ్చిన బేరం పోయిందని నేను బిత్తరపోయి చూస్తుంటే, "రేపొస్తాడులే" అంది. రేపు రాలేదు. ఎల్లుండి కూడా రాలేదు. పై నెలలో వచ్చాడు, గుబ్బల టైర్లు వేరే కొట్లో కొనుక్కుని, వాటిని తీయించుకోవడానికి. ఆవిడ ఒక్క మాట దెప్పలేదు. కాఫీ తెప్పించింది. అతను వెళ్ళాక మాత్రం కొట్టు వెనకున్న వంటింట్లోకెళ్ళి పకపకా నవ్వింది, నేను విన్నాను.

సుద్దముక్క ఎందుకో కొన్నాళ్ళకి తెలిసింది. పాత జీపులకి నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందించే గేరు ఒకటుంటుంది, ఫోర్‌వీల్ గేరు. ఇసుకలోనో బురదలోనో దిగబడ్డప్పుడు అది వేస్తే నాలుగు చక్రాలూ కలిసి లాగుతాయి. అలా లాగాలంటే నాలుగు టైర్లూ ఒక చుట్టుకి ఒకే దూరం వెళ్ళాలి. ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే ఒక చక్రం ముందుకి గుంజుతుంది, ఇంకొకటి వెనక్కి పట్టి ఉంచుతుంది, ఆ తగాదా అంతా లోపలున్న పళ్ళచక్రాల మీద పడుతుంది. గేరు బిగుసుకుపోతుంది, చివరికి విరుగుతుంది. మా వైపు వాళ్ళందరిదీ ట్రాక్టరు బుద్ధి. ట్రాక్టరుకి వెనకవి పెద్దవి, ముందువి చిన్నవి కదా, జీపుకి మాత్రం ఏం కొంపమునిగిందని వెనక రెండూ కొత్తవి వేయించి, ముందు అరిగినవే ఉంచేస్తారు. కామేశ్వరి గారు టైరు పక్కనున్న అంకెలని కూడా నమ్మేది కాదు. ఒకే సైజని రాసున్నా కంపెనీ మారితే కొలత మారుతుందనేది. డిస్కుకి బిగించి, అన్నిటికీ ఒకే గాలి పట్టించి, టైరు అడుగున సుద్దతో ఒక గీత, సరిగ్గా దాని కింద నేల మీద ఒక గీత. టైరుని ఒక్క చుట్టు దొర్లించి, పైనున్న గీత మళ్ళీ నేలని తాకిన చోట ఇంకొక గీత. రెండో టైరుకీ అంతే, మూడోదానికీ అంతే. గీతలు వరసలో ఉంటే సరే, లేకపోతే ఆ టైరు పక్కన పెట్టేయడమే. "అంకెలు కంపెనీవాడు రాసుకున్నవి పద్మా. నేల రాసిచ్చింది ఇది" అనేది. ఆ మాటకి నేను తలూపేశాను గానీ, ఎండలో వంగి గీతలు గీస్తుంటే నడుం పడిపోయేది, లోపల్లోపల తిట్టుకునేదాన్ని.

ఇక ఆ ఇంటి పంపకాల గురించి చెప్పాలి. శేషగిరి గారికి ఒక తమ్ముడు, అందరూ చంటి అనేవారు. కామేశ్వరి గారు కోడలిగా వచ్చేనాటికి చంటి బడికెళ్ళే పిల్లాడు. తల్లి లేని పిల్లాడికి జడలా పెరిగిన జుట్టు దువ్వి, అన్నం కలిపి పెట్టి, పెంచింది ఆవిడే. అంత ప్రేమగా ఉన్నవాళ్ళు ఉమ్మడి కొట్టు దగ్గరే తగువులు పడ్డారు. పంచుకుందామనుకున్నారు. పెద్దాపురం నుంచి పెద్దమనుషులొచ్చి కూర్చున్నారు. వాళ్ళది బియ్యం, పప్పుల వ్యాపారం. ఏ బస్తానైనా కాటాకేసి రెండు భాగాలు చేసిన చేతులవి. అదే పద్ధతిలో టైర్లు కూడా పంచేశారు! ఏ రకం టైర్లైనా సరే, సగం అన్నకి, సగం తమ్ముడికి. నాలుగుండాల్సిన చోట రెండు, ఆరుండాల్సిన చోట మూడు. కామేశ్వరి గారు నెత్తీ నోరూ కొట్టుకుంది. "నాలుగు కోళ్ళ మంచాన్ని రెండు కోళ్ళు నాకూ రెండు కోళ్ళు నీకూ అని పంచుతారాండీ ఎవరైనా? కార్ల టైర్లు మొత్తం వాణ్ణే తీసుకోమనండి, జీపులవి మాకొదిలేయండి, లేదా మీ ఇష్టం, ఎటైనా సరే, సెట్లు మాత్రం విడగొట్టకండి" అంది. చంటి అప్పటికి కోపంలో ఉన్నాడు. "సగమంటే సగమే వదినా. నీ తెలివి మాకొద్దు. కొట్టంటే అరవడం కాదు" అన్నాడు. ఆవిడ మొహం పాలిపోవడం నేను చూశాను. "సరే నాయనా. ఇక నీ కొట్టు మెట్టెక్కితే నన్ను కామేశ్వరి అనకు" అంది. చంటి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకవతల కొట్టు తెరిచాడు. పొద్దున్నే రెండు షట్టర్లూ ఒకేసారి లేచేవి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు.

ఆ పంపకాలైన కొద్ది నెలలకే, గోదావరి పాయ ఎండిపోయిన వేసవిలో, లంక నుంచి వీర్రాజు గారు వచ్చాడు. లంకలంటే తెలుసుగా, గోదావరి మధ్యలో ఉండే దిబ్బలు. వరదల్లో పడవ తప్ప దారి లేదు. వేసవిలో మాత్రం ఒకవైపు పాయ ఎండి, లంక నుంచి ఏటిగట్టు దాకా ఇసుక తేలుతుంది. ఆ ఇసుకలో నడిచే బండి వీర్రాజు గారి పాత జీపొక్కటే. లంకలో ఉన్నవాళ్ళకి అరటితో పాటు గేదెలే ఆధారం. తెల్లవారుతూనే పాల క్యాన్లు ఆ జీపులో ఏటిగట్టుకి చేరాలి, అక్కడ డెయిరీ వ్యాను ఎక్కాలి. వ్యాను ఆగేది కాసేపే. వీర్రాజు గారు వచ్చి బల్ల మీద కూర్చోకుండా నిలబడే చెప్పాడు. "గేర్‌బాక్సు రెండోసారి ఇరిగిందండి. బాగుచేయించాను. మళ్ళీ పట్టేత్తందండి. గట్టెక్కాక ఫోర్‌వీల్ గేరు తీద్దామంటే రాదండి, సుత్తెట్టి కొట్టాలి. ఈలోగా వ్యాను ఎల్లిపోతంది, పాలు ఇరిగిపోతన్నాయి. ఇంకొక్కసారి రాకపోతే ఇక మీ రేవుకి వ్యాను ఎట్టం అని చెప్పేశారండి డెయిరీవాళ్ళు. లంకలో అందరూ నా మొకమే చూత్తన్నారండి." పెద్ద మనిషి, తెల్ల మీసం.

కామేశ్వరి గారు లేచి జీపు చుట్టూ తిరిగింది. వెనక రెండూ గుబ్బలింకా అరగని టైర్లు, వేరే కంపెనీవి. ముందు రెండూ గుండులా అరిగిపోయినవి. "వెనకవి ఎవరు వేశారండీ?" అంది. "పోయినేడు నేనే ఏయించానండి. ట్రాక్టరుకి ఎనకే కదండీ బలం." ఆవిడ నుదురు కొట్టుకుంది. "మీ గేర్‌బాక్సు విరగ్గొట్టింది మెకానిక్కూ కాదు, ఇసుకా కాదు. ఈ టైర్లు." ఆయన తల వంచుకుని, "అయితే ముందువి రెండు కొత్తయి ఇచ్చేయండమ్మగారూ, సమానమైపోతాయి" అన్నాడు. "అవ్వవండీ. ఆ కంపెనీ రకం ఇప్పుడు రావడం లేదు. నాలుగూ ఒకే రకం కావాలి, స్టెప్నీతో అయిదు. దార్లో పంచరైతే స్టెప్నీయేగా ఎక్కేది" అంది. అని, ఆగిపోయింది. ఎందుకాగిందో నాకు తెలుసు. ఆ సైజు జీపు టైర్లు, ఇసుకకి సరిపోయే పలచని గుబ్బలవి, మా దగ్గర సరిగ్గా మూడే ఉన్నాయి. మిగతా మూడూ రోడ్డుకవతల ఉన్నాయి. కంపెనీకి ఫోను చేస్తే, ఆ రకం మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. వీర్రాజు గారు మా మొహాలు మార్చి మార్చి చూస్తున్నాడు.

శేషగిరి గారు పేపరు మడిచి, "రెండు ఇచ్చి పంపేయి కామేశ్వరీ. ఆయన అడిగిందే ఇస్తున్నాం కదా. నడిచినన్నాళ్ళు నడుస్తుంది" అన్నారు. చెడ్డ మనిషి కాదు, తగువంటే భయం ఆయనకి. ఆవిడ కొంగు ముడి విప్పి సుద్దముక్క చూసుకుంది, మళ్ళీ ముడేసుకుంది. పమిట సర్దుకుని, "పద్మా, రా" అంది. రోడ్డు మీదికి దిగింది. టీ కొట్టు దగ్గరున్నవాళ్ళు గ్లాసులు చేత్తో పట్టుకునే ఆగిపోయారు. ఇన్ని నెలలుగా ఆవిడ అటు వైపు తల తిప్పడం కూడా ఎవరూ చూడలేదు మరి.

రోడ్డు దాటింది. మెట్టు ముందు ఆగింది. ఎక్కలేదు. ఎక్కనన్నది కదా, రోడ్డు మీదే నిలబడింది. "ఏవండీ, జీపు టైర్లు మూడున్నాయి కదా మీ దగ్గర. అందులో రెండు కావాలండీ" అంది. చంటి బల్ల వెనకనుంచి లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది. "నన్ను అండీ అంటున్నావా వదినా?" అన్నాడు. "కొట్టు యజమానిని అంటున్నాను." "ఎవరికి టైర్లు?" "లంక నుంచి వచ్చినాయనకి. పాలు తోలే జీపు." చంటి అటు చూశాడు, మా కొట్టు ముందు చేతులు కట్టుకు నిలబడ్డ వీర్రాజు గారిని చూశాడు. కానీ పౌరుషం ఊరుకుంటుందా? "రెండు నీకిచ్చి, మిగిలిన ఒక్కటీ నేనేం చేసుకోను? మెళ్ళో వేసుకుని తిరగనా? నీ మూడూ నాకిచ్చేయి. అయిదూ నేనే అమ్ముకుంటాను" అన్నాడు. పొడవడానికన్న మాటే అది. ఆవిడ వెనుదిరిగి పోతుందనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. ఆవిడ కళ్ళార్పలేదు. "తీసుకో. పద్మా, మన మూడూ దొర్లించుకు రా" అంది.

నాకైతే నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. మన సరుకు, మన దగ్గరకొచ్చిన మనిషి, మనం కనిపెట్టిన జబ్బు, అమ్మకం మాత్రం ఆ కుర్రాడికా? అదీ అందరి ముందు ఆవిడని అన్ని మాటలన్న మనిషికా? లోపలికెళ్ళి ఒక టైరు దొర్లిస్తుంటే శేషగిరి గారు లేచి నిలబడి, "ఏవిటిది, మతిపోయిందా మీ ఇద్దరికీ?" అన్నారు. అవతలనుంచి ఆవిడ, "మీరు పేపరు చదువుకోండి!" అని అరిచింది. మొదటి టైరు దొర్లిస్తూ రోడ్డు మీదికొచ్చేసరికి ఒక ఆటో ఆగి దారిచ్చింది. రెండోది వీర్రాజు గారు పట్టుకున్నాడు. మూడోదానికి వెనక్కి తిరిగితే, చంటి వచ్చి దాన్ని దొర్లిస్తున్నాడు, మా కొట్లోంచి. అతను మా మెట్టెక్కి లోపలికెళ్ళడం నేను చూడనే లేదు. అన్నగారు ఏమన్నారో, ఏమీ అనలేదో, నాకు తెలియదు.

టైర్లన్నీ తన కొట్టు ముందు పెట్టాక చంటి గొంతు తగ్గించి, "ఎండలో నిలబడ్డావేంటి వదినా, లోపలికి రా" అన్నాడు. "రాను. ఒకసారి అన్న మాట అన్నదే. నువ్వే కిందికి దిగు, ఈ సుద్ద పట్టుకో." "ఒకే లోడులో వచ్చినవే కదా, కొలవడం ఎందుకు?" "కొలవనివాడివి టైర్లెందుకు అమ్ముతున్నావు? పప్పులమ్ముకో పెద్దాపురం పోయి!" టీ కొట్టు దగ్గర ఒకటే నవ్వులు. చంటి కూడా నవ్వాపుకోలేకపోయాడు. దిగొచ్చి వంగాడు. ఆవిడ గీత చూపిస్తుంటే అతను గీశాడు. డిస్కులకి బిగించి గాలి పట్టించిన అయిదు టైర్లు, ఒకదాని తరవాత ఒకటి, రోడ్డు పక్క సిమెంటు మీద దొర్లాయి. గీతలన్నీ ఒకే వరసలో పడ్డాయి. ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. అప్పుడు చూశాను, కళ్ళు తడిగా ఉన్నాయి. బిల్లు చంటి కొట్టు పేరునే రాశారు. మా మూడు టైర్ల ధర సంగతి ఆ సాయంత్రం అన్నదమ్ములు మాట్లాడుకున్నారు, ఆ నెపంతో నెలల తరవాత మొదటిసారి ఒకరికొకరు ఎదురుగా కూర్చున్నారు.

జీపుకి ఎక్కించడమయ్యాక ఆవిడ జీపు ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. "పదండి, ఇసుకలో చూడందే నేను నమ్మను" అంది. వెనక నేనూ చంటీ, మధ్యలో ఖాళీ పాల క్యాన్లు. గోతుల్లో క్యాన్లు మా మోకాళ్ళకి గుద్దుకుంటుంటే ఇద్దరం వాటిని చెరోవైపూ పట్టుకుని కూర్చున్నాం. ఏటిగట్టు దగ్గర ఆగి టైర్లలో గాలి తగ్గించారు, ఇసుక మీద పరుచుకునేలా. వీర్రాజు గారు ఫోర్‌వీల్ గేరు వేసి ఏట్లోకి దిగాడు. అంత ఇసుకలో జీపు ఎక్కడా తడబడలేదు. లంక అంచు దాకా వెళ్ళి, తిరిగి గట్టెక్కింది. గట్టు మీద తారు రోడ్డు. ఇప్పుడు గేరు తీయాలి. అది పట్టేస్తే ఇంత కథా వృథా. ఆయన చెయ్యి గేరు రాడ్డు మీద పెట్టి, కాసేపు అలాగే ఉండిపోయాడు. పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి తలుచుకున్నాడో. "తీయండి మరి" అంది ఆవిడ. లాగాడు. వచ్చేసింది! చప్పుడు కూడా లేదు. ఆయన చేతిలోని రాడ్డు వంక చూసి, ఆవిడ వంక చూసి, "వచ్చేసిందండి" అన్నాడు. "మళ్ళీ వేసి మళ్ళీ తీయండి." మళ్ళీ వచ్చింది. తెల్ల మీసం తడిసేలా ఏడ్చేశాడా పెద్దాయన. చంటి నా పక్కన ముక్కు ఎగబీలుస్తూ, "దుమ్ము" అన్నాడు. మర్నాడు పాల క్యాన్లు వ్యాను కంటే ముందే గట్టు మీదున్నాయని ఫోనొచ్చింది. ఆ వేసవిలో ఆ రేవుకి వ్యాను ఆగిపోలేదు.

ఇక్కడితో అంతా సుఖమయిపోయిందని రాయొచ్చు, కానీ అబద్ధమవుతుంది. బిల్లు చంటి పేరున ఉంది కనక లంకవాళ్ళందరికీ అది చంటి కొట్టు చేసిన మేలయింది. వీర్రాజు గారు పదిమందికీ అసలు సంగతి చెప్పాడు, కానీ మనుషులకి బోర్డే గుర్తుంటుంది. మోపెడ్లు, ఆటోలు, అరటిగెలల వ్యాన్లు, లంక నుంచి వచ్చినవన్నీ ఎదురు కొట్టు ముందే ఆగేవి. మా వైపు ఒక్కటీ రాలేదు. శేషగిరి గారు పేపరు మీదనుంచి చూసి నిట్టూర్చేవారు. నాకైతే ఒళ్ళు మండేది. ఆవిడ మాత్రం మా గుమ్మంలో కుర్చీ వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఎదురుగా ఆగిన ప్రతి బండినీ చూసేది. "పద్మా, ఆ ఆకుపచ్చ ఆటోకి వెనక టైరు లోపలి వైపు అరిగిపోయింది, ఇక్కడికే కనబడుతోంది. చంటికి చెప్పి రా." నేను విసుక్కుంటూ వెళ్ళి చెప్పేదాన్ని. చంటి విసుక్కుంటూ చూసేవాడు. నిజంగానే అరిగుండేది. రెండు కొట్లలోనూ విడిపోయిన సెట్లన్నీ అలా ఒక్కొక్కటే కలిశాయి, ఒకసారి వాళ్ళ దగ్గర, ఒకసారి మా దగ్గర. వదినా మరుదుల మధ్య మామూలు మాటలు మళ్ళీ మునుపటిలా రాలేదు. పెళ్ళిళ్ళలో ఎడంగానే కూర్చునేవారు. టైర్ల గురించి మాత్రం రోడ్డుకి ఇటొకరూ అటొకరూ నిలబడి రోజంతా అరుచుకునేవారు. ఆవిడ చివరి దాకా ఆ మెట్టెక్కలేదు. అతనే దిగొచ్చేవాడు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "మన దగ్గర కొననివాళ్ళ టైర్లు మనకెందుకండీ? బేరం పోగొట్టుకున్నది చాలక, కాపలా కూడానా?" ఆవిడ నావైపు తిరిగి, నేనేదో అర్థంకాని భాష మాట్లాడినట్టు చూసింది. "గీత తేడాగా ఉందని తెలిశాక నోరు మూసుకుని ఎలా కూర్చుంటావే? నీకు పడుతుందా రాత్రి నిద్ర?" అంది. అంతే. దాన్ని ఆవిడ మంచితనం అనుకోలేదు, త్యాగం అసలే అనుకోలేదు. తెలిసినవాడు చెప్పాలి, అదే ఆవిడ లెక్క. బేరం ఎవరిదన్నది తరవాతి సంగతి. నేను సొంతంగా కొట్టు పెట్టుకున్నాక ఆ బుద్ధి వల్ల చాలా నష్టపోయాను. నా దగ్గర మూడుండి పక్కవాడి దగ్గర నాలుగుంటే అక్కడికే పంపిస్తాను. కొందరు తిరిగొస్తారు, కొందరు ఇక కనబడరు. మా ఆయన నన్ను పిచ్చిదాన్నంటాడు. అననీ. ఆవిడ లేని లోటు నాకు ఈ ఒక్క విషయంలో తెలియదు.

మొన్న మోరంపూడి దగ్గర సిగ్నల్లో ఆగాను. పక్కన ఒక పాత జీపు, లోపల ముగ్గురు పిల్లలు, పెద్దావిడ. ముందు టైరు పక్కన కోడిగుడ్డంత బుడిపె లేచి ఉంది, ఎప్పుడు పేలుతుందో తెలియదు. అద్దం మీద కొట్టాను. తోలుతున్నాయన అద్దం దించి, టైరు చూసి, నన్ను గుర్తుపట్టి ఇబ్బందిగా నవ్వాడు. "మీ కొట్లో కొన్నవి కాదండీ ఇవి. మీ ఎదురు కొట్లో తీసుకున్నాను" అన్నాడు. సిగ్నలు పచ్చబడింది. వెనక హారన్లు మొదలయ్యాయి. నేను స్కూటరు తీసుకెళ్ళి అతని జీపు ముందు అడ్డంగా పెట్టి స్టాండు వేశాను.

"ఎవరి కొట్లో కొంటే ఏంటండీ? లోపలున్నది మీ పిల్లలే కదా. దిగండి ముందు, స్టెప్నీ తీయండి."